పాత ప్రింటా? కొత్త ప్రింటా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం "మా హీరో తర్వాతి సినిమా ఎప్పుడు?" బాపతు. మిగిలినదాంట్లో సగం నన్ను ఆప్యాయంగా తిట్టేవి. ఈ రెండూ పోగా అడుగున మిగిలే నాలుగైదు ఉత్తరాల్లో రెండు నెలలుగా ఒకే ప్రశ్న వేషాలు మార్చుకుని వస్తోంది. పాతకాలపు కెమెరాలా కనిపించే ఫ్యూజీవారి బుల్లి కెమెరా ఉంది చూశారూ, ఎక్స్ 100 అని... అందులో పాత మోడల్ కొనాలా, కొత్త మోడల్ కొనాలా అని.

సినిమా పత్రికలో కెమెరాల గొడవేమిటని ముక్కు విరిచేవారు ఈ పేజీ తిప్పేయవచ్చు. నేనేమీ అనుకోను. కానీ తెనాలి నుంచి ఓ తమ్ముడు రాసిన ఉత్తరం చదివాక నాకు మాత్రం ఇది సినిమా గొడవలాగే కనిపించింది. అతను రెండు పెళ్లిళ్ల సీజన్లు ఓ ఫొటోగ్రాఫరు వెంట లైట్లు మోశాడు. కొత్త మోడల్ ఖరీదులో సగం కూడబెట్టాడు. మిగతా సగం వాయిదాల మీద తీసుకుని, కెమెరా మెడలో వేసుకుని హైదరాబాదు బస్సెక్కి, స్టిల్ ఫొటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంటుగా చేరాలని ఉద్దేశం. వాళ్ల నాన్నగారు "ఫోన్లో కెమెరా లేదుట్రా?" అంటున్నారట. ఉత్తరం చివర్న చిన్నక్షరాలతో ఇంకో మాట రాశాడు: "పాతది కొంటే నలుగురిలో నామోషీ అవుతుందా సార్?"

ఆ ఒక్క వాక్యం కోసమే ఈ వారం ఈ కబుర్లు.

ముందు ఈ కెమెరా పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. ఫ్యూజీ కంపెనీ 1934 జనవరిలో పుట్టింది. సినిమా ఫిల్మును జపానులోనే తయారుచేసుకోవాలన్న పట్టుదల మీద పుట్టిన కంపెనీ అది. అదే 1934లో మనకు సి.పుల్లయ్యగారి తొలి 'లవకుశ' వచ్చింది, అది వేరే కథ (కాస్త ఆగండి, మళ్లీ వస్తాను దాని దగ్గరికి). జపాన్ వాళ్ల తొలి స్వదేశీ రంగుల చిత్రం 'కార్మెన్ కమ్స్ హోమ్' 1951లో వచ్చింది. దర్శకుడు కీసుకే కినోషిత, నాయిక హిదేకో తకామినే. తీసింది ఫ్యూజీ రంగుల ఫిల్ము మీద. అయితే కొత్త రంగుల మీద పూర్తిగా నమ్మకం కుదరక, అదే సినిమాను పక్కనే నలుపు తెలుపుల్లో కూడా తీసి పెట్టుకున్నారు! చేసిన సీనే మళ్లీ చేయడమన్నమాట, పాపం. పాతదా కొత్తదా అన్న తికమక మనవాళ్లకే కాదు, ఫ్యూజీ ఇంటి గడపలోనే ఉంది. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు, తక్కువ వెలుగులో కూడా పనిచేసే రంగుల నెగటివ్ కనిపెట్టినందుకు 1982లో ఆస్కార్ వాళ్లు పిలిచి మరీ సత్కరించారు.

అలాంటి కంపెనీ 2010 సెప్టెంబరులో జర్మనీలోని కొలోన్ నగరంలో జరిగిన ఫొటోకీనా ప్రదర్శనలో ఓ కెమెరా బయటపెట్టింది. పైన వెండి రంగు లోహం, ఒంటికి నల్ల తోలు లాంటి తొడుగు, లెన్సు చుట్టూ ఎపర్చర్ రింగు, నెత్తిన షట్టరు స్పీడు అంకెలు చెక్కిన చక్రం. చూస్తే తాతగారి పెట్టెలోంచి తీసినట్టుంది. లోపల చూస్తే డిజిటల్. 2011 మార్చిలో అమ్మకాలు మొదలవుతున్న రోజుల్లోనే, ఆ నెల 11న జపానును భూకంపమూ సునామీ ముంచెత్తాయి. ఈ కెమెరా తయారయ్యే ఫ్యాక్టరీ ఆ దెబ్బ తిన్న మియాగి ప్రాంతంలోనే ఉంది. పని ఆగిపోయింది. ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకునేసరికి, కావాలన్నవాళ్ల వరస పెరిగిపోయి ఉంది.

అక్కణ్ణుంచి ఇప్పటికి మొత్తం ఆరు వచ్చాయి. మొదటిది ఉత్త ఎక్స్ 100. 2013లో ఎస్, 2014లో టి, 2017లో ఎఫ్. సెకండ్, థర్డ్, ఫోర్త్ అని అర్థం చేసుకోవాలి. 2020లో వచ్చినది వి. ఇక్కడికొచ్చేసరికి అక్షరాలు వదిలేసి రోమన్ అంకెల్లోకి దూకారు, అది అయిదు. 2024 ఫిబ్రవరిలో ఆరోది. మనవాళ్లు దాన్ని 'సిక్స్' అంటున్నారు, నేనూ అలాగే అంటాను. పేర్లు పెట్టే ఆసామీ ఎవరో మన సీక్వెల్ నిర్మాతల్లాగే మధ్యలో మనసు మార్చుకున్నట్టున్నాడు.

ఇక మోజు సంగతి. వి వచ్చిన కొత్తలో మరీ పెద్ద హడావుడేమీ లేదు. మన దేశంలో 2020లోనే నిషేధించిన టిక్‌టాక్ ఉందే, విదేశాల్లో 2022లో ఆ టిక్‌టాక్ పిల్లలు ఈ కెమెరాను మెడలో వేసుకుని వీడియోలు పెట్టారు. అంతే! దుకాణాల్లో సరుకు లేదు. వాడేసిన కెమెరా కొత్తదాని ధర కంటే ఎక్కువకు అమ్ముడుపోయింది. ఫస్ట్ డే ఫస్ట్ షోకి గేటు బయట బ్లాకు టిక్కెట్లు అమ్మినట్టే. సిక్స్ వచ్చాకా అదే తంతు. అమెరికాలో 1599 డాలర్లు, మన దగ్గర లక్షా అరవై వేలకు ఒక్క రూపాయి తక్కువ అని 2024లో ప్రకటిస్తే, నెలల తరబడి జనం పేర్లు రాయించుకుని ఎదురుచూశారు. కంపెనీకి తొంభై ఏళ్లు నిండిన సందర్భంగా ప్రత్యేకంగా చేసిన 1934 కెమెరాలైతే చెప్పనే అక్కర్లేదు.

ఈ హడావుడి పక్కనపెట్టి, ఆరింటినీ బల్ల మీద వరసగా పెట్టి చూడండి. పది అడుగుల దూరం నుంచి ఏది ఏదో పోల్చుకోగలిగితే మీకు దండం పెడతాను.

ఇప్పుడు 'లవకుశ' దగ్గరికొస్తాను. పుల్లయ్యగారు 1934లో ఒకసారి తీశారు. మళ్లీ ఆయనే రంగుల్లో మొదలుపెడితే, ఆరోగ్యం సహకరించక కుమారుడు సి.ఎస్.రావుగారు పూర్తి చేయగా 1963లో వచ్చింది. అదే కథ, అదే సీతమ్మ కష్టం. మారినవి రంగూ, హంగూ. ఈ కెమెరాల వరసా అంతే. కథ ఒక్కటే. ఆ కథేమిటో తెలిస్తే, ఏ హంగుకు ఎంత డబ్బు పెట్టాలో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

కథలో మొదటి ముక్క లెన్సు. ఆరింటికీ ఊడదీయడానికి వీల్లేని ఒకటే లెన్సు. 23 మిల్లీమీటర్లు, ఎఫ్ 2. జూము లేదు. సినిమా పాఠకులకు సినిమా భాషలోనే చెబుతాను. పాతకాలపు 35 ఎం.ఎం. సినిమా నెగటివ్ మీద పడే బొమ్మ వెడల్పు సుమారు 22 మి.మీ. ఈ కెమెరాలోని సెన్సారు వెడల్పు 23.6 మి.మీ. అంటే దీంతో చూడటం దాదాపు సినిమా కెమెరాకు 21 లెన్సు బిగించి చూడటం లాంటిదన్నమాట. మనిషీ పడతాడు, అతని వెనకున్న గదీ పడుతుంది. ముఖం మాత్రమే కావాలంటే కాళ్లకు పని చెప్పి దగ్గరికి నడవాలి. అంచేత, ఆడియో ఫంక్షనులో పదిహేనో వరసలో కూర్చుని అభిమాన తారను క్లోజప్పులో బంధిద్దామనుకునేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయండి. ఈ కెమెరాలో మీ తార గోరంత కనిపిస్తుంది. పాత మోడల్లోనూ గోరంతే, కొత్త మోడల్లోనూ గోరంతే!

మొదటి నాలుగు మోడల్స్‌లోనూ ఉన్నది అచ్చంగా అదే లెన్సు. అందులో ఒక చిన్న లోపం. ఎఫ్ 2 దగ్గర పూర్తిగా తెరిచి, మరీ దగ్గర్నుంచి తీస్తే బొమ్మ కాస్త పొగచూరినట్టు మెత్తగా వస్తుంది. ఎఫ్ 4కి తగ్గిస్తే దివ్యంగా ఉంటుంది. కొందరికి ఆ మెత్తదనమే ముద్దు. వెనకటి కెమెరామన్లు హీరోయిన్ క్లోజప్పుకు లెన్సు ముందు గాజుగుడ్డ కట్టేవారు కదా, ఆ తరహా. వి నుంచి లెన్సును కొత్తగా డిజైను చేసి ఆ లోపం దిద్దారు. లెన్సు విషయంలో పాతకీ కొత్తకీ ఉన్న గీత ఎఫ్‌కీ వి కీ మధ్య ఉంది, మరెక్కడా లేదు.

రెండో ముక్క, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, కన్ను పెట్టి చూసే కిటికీ. వ్యూఫైండరు. ఒక మీట అటు తోస్తే ఉత్త గాజులోంచి లోకం కనిపిస్తుంది, అందులో తెల్లగీతలతో ఫ్రేము గీసి ఉంటుంది. ఇటు తోస్తే అదే కిటికీలో చిన్న టీవీ వస్తుంది. గాజులోంచి చూస్తున్నప్పుడు ఫ్రేము గీత బయట ఏముందో కూడా కనిపిస్తుంది. ఎడమవైపు నుంచి సైకిల్ మీద వస్తున్న కుర్రాడు ఇంకా బొమ్మలోకి అడుగుపెట్టలేదు, కానీ మీకు కనిపిస్తున్నాడు. గీత దాటి లోపలికొచ్చిన క్షణాన నొక్కుతారు. డైరెక్టరు 'ఎంట్రీ' అంటాడే, అదే. ఫోను తెర మీద ఆ కుర్రాడు ఫ్రేములోకొచ్చాకే మీకు తెలుస్తాడు. తెనాలి తమ్ముడి నాన్నగారికి నా జవాబు ఇది. మొదటి మోడల్లో ఆ చిన్న టీవీ కాస్త పలచగా, ఆలస్యంగా ఉంటుంది. ఎస్ నుంచి మెరుగైంది. వి వచ్చేసరికి కళకళలాడింది. ఉత్త గాజు సుఖం మాత్రం ఆరింటిలోనూ ఉంది.

మూడోది షట్టరు. లెన్సు లోపలే రేకుల్లా విచ్చుకుని మూసుకునే రకం. వెనకటి రోలీఫ్లెక్స్ కెమెరాల్లో ఉన్నది ఇదే జాతి. చప్పుడు దాదాపు లేదు. లైవ్ సౌండు రికార్డు చేస్తున్న సెట్లో పెద్ద కెమెరా టకటకమంటే సౌండు ఇంజనీరు కళ్లెర్రజేస్తాడు. హాలీవుడ్డులో స్టిల్ ఫొటోగ్రాఫర్లు ఆ చప్పుడు వినపడకుండా కెమెరాకు మెత్తలు కుట్టిన పెట్టె తొడిగేవారు. దీనికి పెట్టే అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. ఎర్రటి ఎండలో ఫ్లాషు వేసి నీడలు చెరపడం కూడా ఈ షట్టరుతో సులువు. కాకపోతే, మొదటి మోడల్లో ఎఫ్ 2 పెట్టినప్పుడు షట్టరు 1/1000ని మించి పోదు. మన బెజవాడ ఎండకు అది చాలదు. అందుకే లోపలే ఒక నల్ల ఫిల్టరు పెట్టారు, మీట నొక్కితే అడ్డం పడుతుంది. టి నుంచి ఎలక్ట్రానిక్ షట్టరు వచ్చి ఆ బాధ మరింత తగ్గింది.

ఇప్పుడు హంగులు. ఇక్కడే జేబులోంచి డబ్బు జారేది.

మెగాపిక్సెళ్లు మొదటిదానికి 12, ఎస్‌కీ టి కీ 16, ఎఫ్‌కి 24, వి కి 26, సిక్స్‌కి 40. నలభై అనగానే నోరు తెరవకండి. 4కె ప్రొజెక్టరు ఉన్న థియేటర్లో మీరు చూసే తెరనిండా ఉన్న బొమ్మ 4096 చుక్కల వెడల్పు, 2160 చుక్కల ఎత్తు. గుణిస్తే 90 లక్షల లోపే, అంటే 9 మెగాపిక్సెళ్లు కూడా కాదు. అంత తెరను నింపడానికే 9 చాలుతుంటే, పత్రికలో నిండు పేజీ బొమ్మకు 2011 నాటి 12 ఎందుకు చాలదు? భేషుగ్గా చాలుతుంది. నలభై ఎప్పుడు ఉపయోగమంటే, కత్తిరించినప్పుడు. సిక్స్‌లో బొమ్మ మధ్యభాగం సగం కత్తిరించి దగ్గరగా తీసినట్టు చూపించినా ఇంకా 20 మిగులుతాయి. దగ్గరికి నడవలేనిచోట అది నిజంగా లాభమే. దాంతోపాటు కార్డులూ హార్డుడిస్కులూ కూడా పెద్దవి కొనుక్కోవాలి. ఆ ఖర్చు ప్రకటనలో వేయరు.

ఫోకసు. ఈ విషయంలో మొదటి మోడల్ నిజంగానే మొండిది. చీకట్లో ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటుంది, ఈలోగా ఎదుటి మనిషి నవ్వడం పూర్తిచేసి ఇంటికి వెళ్లిపోతాడు. ఎస్‌లో సెన్సారు మీదే ఫోకసు వెతికే చుక్కలు పెట్టి బాగా వేగం పెంచారు. ఎఫ్‌లో బొటనవేలి కింద చిన్న పుల్ల పెట్టారు, దాంతో ఫోకసు పెట్టవలసిన చోటును అటూ ఇటూ జరపొచ్చు. వినడానికి చిన్న విషయం. వాడితే తెలుస్తుంది, పుల్ల లేని కెమెరా పట్టుకోబుద్ధి కాదు. ఫ్యూజీవారిని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. ఎస్ బజార్లోకి వచ్చేశాక, 2013 అక్టోబరులో, మొదటి ఎక్స్ 100 కొన్నవాళ్ల కోసం కొత్త సాఫ్టువేరు ఉచితంగా ఇచ్చి దాని ఫోకసుకు కాస్త వేగం తెప్పించారు. కొత్త హీరోయిన్ వచ్చాక కూడా పాత హీరోయిన్‌కి పాటొకటి పెట్టినట్టు!

వాన, దుమ్ము. మొదటి నాలుగింటికీ రక్షణ లేదు. వి, సిక్స్ తట్టుకుంటాయి, కానీ ఓ మెలిక. లెన్సు ముందు విడిగా అమ్మే రింగూ, ఫిల్టరూ బిగించాకే ఆ రక్షణ పూర్తవుతుంది. వి నుంచి వెనక తెర కూడా పైకీ కిందకీ వంగుతుంది. నేల మీద కూచోకుండా కింది నుంచి తీయొచ్చు. మోకాళ్లు నొప్పులున్న నాబోటివాళ్లకు సంతోషం.

ఇక సిక్స్‌కే సొంతమైనది, చెయ్యి వణుకును సరిచేసే ఏర్పాటు. సెన్సారు లోపల తేలుతూ, మీ చెయ్యి ఎటు కదిలితే దానికి ఎదురు కదులుతుంది. ఆరు స్టాపుల వరకు అంటారు. ఒక్కో స్టాపుకూ రెట్టింపు, అంటే లెక్క ప్రకారం 64 రెట్లు. 1/60 సెకనులో తీయాల్సిన బొమ్మను సెకను సేపు చేత్తో పట్టుకుని తీయొచ్చని కాగితం మీద లెక్క. రాత్రివేళ వీధి, గుడి గోపురం, ఖాళీ సెట్టు తీసేవాళ్లకు ఇది వరం. కానీ బాగా గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, అది ఆపేది మీ వణుకునే, ఎదుటి మనిషి కదలికను కాదు. హీరో చెయ్యి ఊపితే ఆ చెయ్యి అలుక్కుపోయి తీరుతుంది. పెళ్లిపందిట్లో, సెట్లో, మనుషులున్న ఏ చోటైనా ఆ 64 రెట్లలో మీకు దక్కేది తక్కువ.

వీడియో గురించి నాలుగు ముక్కల్లో ముగిస్తాను. వి నుంచి 4కె, సిక్స్‌లో అంతకంటే పెద్దది. అయినా షార్టు ఫిల్ము తీద్దామని ఒకే లెన్సు ఉన్న ఈ కెమెరా కొనకండి. ఆ డబ్బుకు లెన్సులు మార్చుకునే కెమెరా వస్తుంది.

ఇప్పుడు అసలు మాయ. రంగులు. మీ ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది దీని గురించే. ఈ కెమెరాల్లో ఫ్యూజీ తన పాత ఫిల్ముల పేర్లతో రంగుల తీరులు పెట్టింది. ప్రొవియా, వెల్వియా, ఆస్టియా మొదటి మోడల్ నుంచీ ఉన్నాయి. టి లో క్లాసిక్ క్రోమ్, ఎఫ్‌లో నలుపు తెలుపుల ఆక్రోస్, వి లో ఎటెర్నా, క్లాసిక్ నెగటివ్ చేరాయి. సిక్స్ వచ్చేసరికి లెక్క ఇరవైకి చేరింది. ఈ ఎటెర్నా ఎవరనుకున్నారు? ఫ్యూజీవారి సినిమా నెగటివ్ ఫిల్ము పేరు అది. సినిమాలు తీసే ఆ ఫిల్మును కంపెనీ 2013లో ఆపేసింది. ఏ సరుకు కోసం కంపెనీ పుట్టిందో ఆ సరుకు పోయింది, పేరు మాత్రం కెమెరాలో మెనూగా బతికి ఉంది. సిక్స్‌లో ఇంకోటుంది, ఎటెర్నా బ్లీచ్ బైపాస్ అని. ల్యాబులో ఫిల్ము కడిగేటప్పుడు వెండిని తీసేసే బ్లీచ్ మెట్టును దాటవేస్తే రంగులు వెలిసి, నలుపు చిక్కబడే పద్ధతి అది. 1960లో కొన్ ఇచికావా తీసిన 'ఒతోతో' చిత్రానికి కెమెరామన్ కజువో మియగావా చేసిన ప్రయోగం. ఆయన ల్యాబులో తంటాలు పడి సాధించింది మీ బొటనవేలి కిందికి వచ్చేసింది.

అయితే ఈ రంగుల కోసమే కొత్త మోడల్ కొనాలా? అక్కర్లేదంటాను. పాత మోడల్లో రా ఫైలుగా తీసి పెట్టుకుంటే, కంప్యూటరులో ఆ రంగులకు చాలా దగ్గరగా తెచ్చుకోవచ్చు. పైగా ఆ మొదటి 12 మెగాపిక్సెళ్ల కెమెరా రంగులే తర్వాతవాటికంటే బాగుంటాయని వాదించే ఛాందసులు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లతో వాదించి గెలవలేం. పాత పాటలే బాగుంటాయనే మన పెదనాన్నలతో గెలిచామా?

సరే, తెనాలి తమ్ముడూ, ఇక నీ సంగతి.

ముందు ఒక చేదు ముక్క. స్టిల్ ఫొటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంటుగా చేరడానికి నీకు ఈ కెమెరా అవసరమే లేదు. ఆయన తన జూము లెన్సులతో తన కెమెరాలతో పనిచేస్తాడు. నువ్వు మోసేవి ఆయన సంచులు, సర్దేవి ఆయన కార్డులు. నిన్ను చేర్చుకునే ముందు ఆయన అడిగేది "ఏం తీశావో చూపించు" అని. నీ మెడలో ఏముందో కాదు, నీ దగ్గరున్న ఫొటోలేమిటో చూస్తాడు. అంచేత కెమెరా కొనడం ఆ ఫొటోలు తీయడానికి, ఇప్పటినుంచి సంక్రాంతి దాకా రోజూ తీయడానికి. దానికి పనికొచ్చేది ఏదైనా చాలు.

నీ చేతిలో ఉన్న సగం డబ్బుకు లోబడి ఎఫ్ వెతుక్కో. మొదటిదీ ఎస్ చవగ్గా దొరికినా నేను చెప్పను. వాటి బ్యాటరీ బుల్లిది, వయసూ మీదపడింది. టి దొరికినా చెడ్డది కాదు, అందులోనూ ఆ చిన్న బ్యాటరీయే. ఎఫ్‌లో వేసింది ఫ్యూజీవారి ఇతర కెమెరాలు చాలావాటిలో వాడేదే, ఎక్కడైనా దొరుకుతుంది. వేలికింద పుల్ల ఉంది. 24 మెగాపిక్సెళ్లున్నాయి. షట్టరు చక్రాన్ని పైకెత్తి తిప్పితే, వెనకటి కెమెరాల్లో ఏఎస్‌ఏ పెట్టుకున్నట్టు, ఫిల్ము వేగం మారుతుంది. ఆ పని వేళ్లకు వస్తే వెలుగు లెక్క బుర్రకెక్కుతుంది. వానలో మాత్రం బయటికి తీయకు. నువ్వు గోదారి గట్టున పడవలూ, తుఫానులూ తీసేవాడివైతే వి చూడమనేవాణ్ణి. ఒంటరిగా రాత్రుళ్లు తిరిగి వీధులు తీసే ఉద్యోగస్తుడివైతే, అప్పు చేయక్కర్లేకపోతే, సిక్స్ తీసుకోమనేవాణ్ణి, మంచి కెమెరా అది. నీకు మాత్రం వద్దు. కృష్ణానగర్‌లో గది తీసుకుంటే అడ్వాన్సు కట్టాలి, మూడు నెలలు ఎవరూ జీతం ఇవ్వకపోయినా తినాలి. ప్రతి నెలా అయిదో తారీఖున వాయిదా కట్టాల్సిన కుర్రాడు రూపాయి రాని పనికి నెల రోజులు ఒప్పుకోలేడు. అలాంటి పనులతోనే ఈ ఊళ్లో ఎవరికైనా దారి తెరుచుకుంటుంది.

నామోషీ అన్నావు. ఫొటోలకు గురువులాంటివాడు ఆంరీ కార్తియే-బ్రెస్సాఁ అని ఫ్రెంచాయన ఉండేవాడు. తన లైకా కెమెరా తళతళలాడి జనం కళ్లల్లో పడుతోందని దాని మీద నల్ల టేపు అంటించుకునేవాడు. పేరు కనపడకూడదని కష్టపడ్డ మనిషి ఆయన. నీ కెమెరా మీద ఉన్న అక్షరం ఎఫ్ అయినా వి అయినా, నువ్వు చెప్పేదాకా సెట్లో ఎవరూ చూడరు. అడిగితే అప్పుడు చెప్పు.

కొనే ముందు మాత్రం కళ్లు పెట్టి చూడు. పొద్దున వెలుగులో వెళ్లు, రాత్రి కరెంటు దీపాల కింద బేరం వద్దు. లెన్సు ఊడదీయలేం కాబట్టి లోపల దుమ్మో బూజో చేరితే తుడవడం నీ తరం కాదు, సర్వీసుకే పోవాలి. ఫోను టార్చి లెన్సులోకి వేసి ఏటవాలుగా చూడు. ఎపర్చర్ రింగును ఎఫ్ 16 దాకా తిప్పి, నాలుగైదు ఫొటోలు తీసి, అన్నీ ఒకే వెలుగుతో వచ్చాయా లేదా చూసుకో. మొదటి మోడల్లో ఆ రేకులు అంటుకుపోయే జబ్బు ప్రసిద్ధం, దాని రోగలక్షణం బొమ్మలు తెల్లబోవడం. ఎఫ్ కొన్నా ఈ పరీక్ష మానకు. లెన్సుకు మూత పెట్టి ఓ ఫొటో తీసి, తెర మీద పెద్దది చేసి చూడు. చీకట్లో ఎర్రవో ఆకుపచ్చవో చుక్కలు గుంపులుగా మెరిస్తే దండం పెట్టి వచ్చేయ్. వ్యూఫైండరు మీటను పదిసార్లు అటూ ఇటూ తోయి. ఆ పుల్లను నాలుగు దిక్కులా నొక్కి చూడు. కెమెరా అడుగున ఉన్న నంబరూ, బిల్లు మీద ఉన్న నంబరూ ఒకటేనా అని కలిపి చూసుకో. బిల్లు లేదంటే ఎంత చవకైనా వద్దు, దొంగ సరుకు కావచ్చు.

అన్నీ సరిగ్గా ఉంటే బేరం చెయ్యి. ఈ కెమెరాకు ఎండ పొడ పడకుండా లెన్సు ముందు పెట్టే హుడ్డు కంపెనీ విడిగా అమ్ముతుంది. అమ్మేవాడి అట్టపెట్టెలో అది ఓ మూల పడి ఉంటుంది, చాలాసార్లు వాడు మర్చిపోతాడు కూడా. చివరి అయిదొందలు తగ్గించమని పట్టుపట్టే బదులు ఆ హుడ్డు ఇమ్మని అడుగు.